పోస్టు సంచిలో పిట్టల లెక్క

1881 ప్రాంతంలో అమెరికాలోని మిన్నెసోటాలో వెల్స్ కుక్ అనే బడిపంతులు ఉండేవాడు. ఒజిబ్వే ఆదివాసుల పిల్లలకు చదువు చెప్పడం ఆయన ఉద్యోగం. చలికాలం పోయాక దక్షిణాది నుంచి తిరిగొచ్చే పిట్టల్లో ఏది ఏ రోజున తన కంట పడిందో రాసుకోవడం ఆయనకు అలవాటు. అయితే ఒక్క ఊరి తేదీలతో పిట్ట ప్రయాణం తెలియదు. దిగువ ఊళ్ళో ఎప్పుడు కనబడింది, ఎగువ ఊళ్ళో ఎప్పుడు కనబడింది అని తెలిస్తేనే అది రోజుకు ఎంత దూరం సాగిందో లెక్క తేలుతుంది. అందుకని మిసిసిపీ నది పరీవాహకమంతటా పిట్టల మీద మక్కువ ఉన్నవాళ్ళకు ఆయన ఉత్తరాలు రాశాడు. మీ ఇంటి దగ్గర ఫలానా పిట్ట మొదట కనబడిన తేదీ రాసి పంపండి అన్నాడు. పంపారు. 1883లో ఏర్పడిన అమెరికా పక్షి శాస్త్రవేత్తల సంఘం ఆ పనిని దేశమంతటికీ విస్తరించింది. లైట్‌హౌసుల కాపలాదారులకు కూడా ఫారాలు వెళ్ళాయి, రాత్రిపూట వలసపోయే పిట్టలు ఆ దీపాలకు కొట్టుకుని పడిపోతుండేవి కాబట్టి. తరవాత ప్రభుత్వ వ్యవసాయ శాఖ ఆ బాధ్యత తీసుకుంది. 1901లో కుక్ ఆ శాఖలోనే చేరి, 1916లో చనిపోయేదాకా ఆ కార్డులతోనే గడిపాడు. 1970లో పథకం ఆగేనాటికి పోగైన కార్డులు 60 లక్షలు.

సార్టింగ్ బల్ల దగ్గర నిలబడి పనిచేసినవాళ్ళకు ఆ అంకె బరువు ఇట్టే తెలుస్తుంది. నేను తపాలా శాఖ మనిషిని. కొల్లేటి ఒడ్డు ఊళ్ళలోనూ, ఆ తరవాత తణుకు చుట్టుపక్కలా పనిచేసి, సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున్నే పెరటి గుమ్మంలో కూర్చుని పిట్టలను లెక్కపెట్టి రాసుకోవడం నా పని. జామచెట్టు మీద పిగిలిపిట్టలు, గోడ మీద గోరింకలు, మందార పొదలో తేనెపిట్ట, కొబ్బరిమట్టల్లో ఎక్కడో జెముడుకాకి. నాలాగే రాసేవాళ్ళు దేశమంతటా ఉన్నారు. ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే ప్రతి మలుపులోనూ నాకు పోస్టాఫీసే ఎదురైంది. తుపాకీ పట్టుకుని అడవులు తిరిగినవాళ్ళ చరిత్రను పుస్తకాలు బాగానే చెప్పాయి. ఇంటి గుమ్మంలో కూర్చుని కార్డు ముక్క రాసి డబ్బాలో వేసినవాళ్ళ చరిత్ర ఎవరో ఒకరు చెప్పాలి కదా.

కుక్ కార్డుల మీద ఏముండేదో చూడండి. పిట్ట పేరు, ఊరి పేరు, రాసినవారి పేరు, సంవత్సరం. మొదట కనబడిన తేదీ, మళ్ళీ కనబడిన తేదీ, ఎక్కువగా కనబడటం మొదలైన తేదీ, ఆఖరున కనబడిన తేదీ. అంతే. ఇందులో శాస్త్రవేత్త కానివాడు రాయలేనిది ఒక్కటీ లేదు. పథకం ఆగాక ఆ కార్డులు దశాబ్దాలపాటు పెట్టెల్లో మూలన పడి ఉన్నాయి. ఎవరూ పారేయలేదు, అది అదృష్టం. 2009 నుంచి వాటిని స్కాన్ చేసి, ఆ చేతిరాతను కంప్యూటరులోకి ఎక్కించే పనిని మళ్ళీ మామూలు జనానికే అప్పగించారు. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ పిట్టలు వసంతంలో ఎన్ని రోజులు ముందుగా వస్తున్నాయో చెప్పాలంటే, నూరేళ్ళ కిందట ఎప్పుడు వచ్చేవో తెలియాలి. అది చెప్పగలిగేది ఆ కార్డులే.

కాగితం పోతే ఏమవుతుందో మన దేశపు కథ చెబుతుంది. కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడిగా మనం బడిలో చదువుకున్న ఎ.ఓ. హ్యూమ్, అంతకుముందు ఈ దేశపు పక్షుల కోసం జీవితం ధారపోసిన మనిషి. 1872లో స్ట్రే ఫెదర్స్ అనే పత్రిక మొదలుపెట్టి, దేశం నలుమూలలా ఉన్న ఇంజనీర్లు, తోటల యజమానులు, అటవీ అధికారులు, సైనికులు రాసి పంపినవన్నీ అందులో అచ్చువేశాడు. సిమ్లాలో ఆయన ఇల్లే ఒక మ్యూజియం. పాతికేళ్ళు కూడబెట్టిన నోట్సు మొత్తంతో మహాగ్రంథం రాద్దామనుకుంటూ ఉండగా, ఆయన ఊళ్ళో లేని ఒక చలికాలంలో, నౌకరు ఒకడు ఆ రాతప్రతులను బజారులో చిత్తుకాగితాల కింద అమ్మేశాడు. హ్యూమ్ మనసు విరిగిపోయింది. 1885లో వేలకు వేలు పక్షి చర్మాలను బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేసి పక్షుల పని నుంచి తప్పుకున్నాడు. చర్మాలు ఇంగ్లండులో ఇప్పటికీ ఉన్నాయి. ఏ ఊళ్ళో ఏ నెలలో ఏ పిట్ట ఎలా మసలిందో చెప్పే రాతలు మాత్రం సిమ్లా బజారులో పొట్లాలైపోయాయి. ఇది ఎప్పుడు తలుచుకున్నా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

మన తెలుగు నేల మీద రాసినవాళ్ళూ తక్కువేం కాదు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ 1862-64 మధ్య తెచ్చిన భారత పక్షుల గ్రంథంలో ఎన్నో పిట్టలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆ పేర్లు ఆయనకు చెప్పిన వేటగాళ్ళు, బోయలు, యానాదులు ఎవరో మనకు మిగల్లేదు. 1931-32లో నిజాం ప్రభుత్వం డబ్బిస్తే సాలిం అలీ హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు, వెంట ఆయన భార్య తెహ్మినా. ఆ సర్వే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. గొప్ప పని. అయితే ఈ పెద్దల రాతల్లో నాకొక కొరత కనబడుతుంది. అరుదైన పిట్ట గురించి పేజీలు పేజీలుంటాయి. కాకి, పిచ్చుక, గోరింక దగ్గరికి వచ్చేసరికి సర్వసాధారణం అని ఒక్క మాటతో సరి. సర్వసాధారణమంటే ఎన్ని? ఒక వరంగల్ ఇంటి చూరులో, ఒక రాజమండ్రి వీధిలో ఎన్ని పిచ్చుకలుండేవి? ఆ అంకె ఏ గ్రంథంలోనూ లేదు. అందరికీ కనిపించేదాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ పని సామాన్యులకే మిగిలింది, వాళ్ళు అందుకున్నారు కూడా. 1900 క్రిస్మస్ నాడు న్యూయార్క్ మ్యూజియంలో పనిచేసే ఫ్రాంక్ చాప్‌మన్ ఒక కొత్త ఆనవాయితీ మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఆ పండగరోజున రెండు జట్లుగా విడిపోయి, కంటబడిన పిట్టనల్లా కాల్చి, ఎవరి కుప్ప పెద్దదో చూసుకునే వేడుక ఉండేది. కాల్చకండి, లెక్కపెట్టండి అని చాప్‌మన్ తన పత్రికలో రాశాడు. ఆ ఏడు 25 చోట్ల 27 మంది లెక్కపెట్టారు. అది నేటికీ ఏటేటా సాగుతోంది.

ఉత్తరాల మాట వచ్చింది కాబట్టి కొల్లేటి ఒడ్డున జరిగినదొకటి చెప్పాలి. ఒక వేసవిలో చేపలు పట్టుకునే అతను తపాలా కిటికీ దగ్గరికి వచ్చి, పంచె కొంగులో నుంచి చిన్న అల్యూమినియం ఉంగరం తీశాడు. ‘అమ్మగారూ, వలలో చచ్చిపోయున్న పరజ కాలికుందండి ఇది. దీని మీద ఏదో రాసుందంట, చూసి చెప్పండి’ అన్నాడు. అంకె, దాని పక్కన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయమని ఇంగ్లీషులో అక్షరాలు. 1959 నుంచి ఆ సొసైటీ వలసపక్షుల కాళ్ళకు ఇలాంటి ఉంగరాలు తొడిగి వదిలేది. వదిలినవాళ్ళ పని అంతటితో అయిపోయేది. పక్షి ఎక్కడ తేలిందో తెలియాలంటే ఎక్కడో ఒక బెస్తవాడో రైతో ఆ ఉంగరాన్ని పారేయకుండా ఉత్తరం రాయించాలి. అతను చెబుతుంటే నేనే రాశాను, పిట్ట దొరికిన తేదీ, చోటు, వల రకం. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. ఉంగరం తొడిగింది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లోనట. ఆ కాగితాన్ని అతను పటం కట్టించుకున్నాడు. నాకు పిట్టల మీదికి ధ్యాస మళ్ళింది ఆ ఉంగరంతోనే.

ఇక 1979 జనవరి. ఇంగ్లండులో పక్షుల రక్షణ సంఘం పిల్లలకు చలికాలపు పని ఒకటి కల్పిద్దామనుకుంది. ఒక్క గంట మీ తోటలో కూర్చుని పిట్టలను లెక్కపెట్టి మాకు రాసి పంపండి అని, బ్లూ పీటర్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో చెప్పించారు. కొన్ని వందల ఉత్తరాలు వస్తాయేమో అనుకుంటే 34,000 వచ్చాయి. సంచులకు సంచులు. ఆ పోస్టాఫీసులో ఆ వారం డ్యూటీ చేసినవాళ్ళెవరో గానీ, వాళ్ళు మోసింది ఎంత విలువైన సరుకో అప్పుడు వాళ్ళకు తెలిసుండదు. ఆ ఏడాది ఒక్కో తోటకు సగటున 10 పిచ్చుకలు లెక్కకు వచ్చాయి. ఏటా అదే జనవరిలో, అదే గంట పద్ధతిలో లెక్కిస్తూ పోయారు. 2010 నాటికి ఆ పది నాలుగుకు దిగింది. ఆ దేశంలో పిచ్చుకలు తగ్గాయన్న మాట ముసలివాళ్ళ జ్ఞాపకంగా మిగిలిపోకుండా అంకెగా నిలబడిందంటే, మొదట నిలబెట్టింది ఆ పిల్లలే.

లెక్కపెట్టడంలో ఒక చిక్కుంది. గింజల కోసం వచ్చే పిట్ట వెళ్ళి మళ్ళీ వస్తుంది. అదే పిట్టో, వేరేదో చెప్పలేం. దీనికి 1976లో కెనడాలోని ఒంటారియోలో ఎరికా డన్ అనే శాస్త్రవేత్త, లాంగ్ పాయింట్ పక్షి కేంద్రం తరఫున మొదలుపెట్టిన సర్వే చక్కటి దారి చూపించింది. రోజంతా ఎన్నిసార్లు చూశామన్నది వద్దు, ఒకే చూపులో ఒకేసారి ఎన్ని కనబడ్డాయో వాటిలో పెద్ద అంకె రాస్తే చాలు. పొద్దున మూడు, మధ్యాహ్నం అయిదు, సాయంత్రం రెండు కనబడితే రాయవలసింది అయిదు. అంతకంటే ఎక్కువే ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండవు. కుర్చీలో కదలకుండా కూర్చున్న పెద్దవాళ్ళూ, మంచం పట్టినవాళ్ళూ కూడా కిటికీలోంచి చేయగల పని ఇది. 1987 చలికాలం నుంచి అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాలతో కలిసి ఈ పద్ధతినే ఆ ఖండమంతటికీ తీసుకెళ్ళారు.

ఈ లెక్క దేనికి పనికొచ్చిందో నా కళ్ళతో చూశాను. మా అమ్మాయి కాపురం న్యూజెర్సీలో. వంటింటి కిటికీ ఎదురుగా గింజల డబ్బా వేలాడదీసింది. నేను అక్కడున్న చలికాలంలో తలా రొమ్మూ ఎర్రగా ఉండే, మన పిచ్చుకంత పిట్టలు రోజూ వచ్చేవి. హౌస్ ఫించ్‌లు. ఒకరోజు వాటిలో ఒకదాని కన్ను వాచి, పుసి కట్టి, మూసుకుపోయి ఉంది. గింజ కోసం ముక్కుతో తడుముకుంటోంది. అమ్మాయి వెంటనే డబ్బా దించి, బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, కొన్నాళ్ళు మళ్ళీ కట్టలేదు. ‘ఇది పాత జబ్బేనమ్మా, డబ్బా మీద నుంచి ఒకదానికొకటి అంటించుకుంటాయి’ అంది.

ఆ పాత జబ్బు కథ ఇది. ఈ ఫించ్‌లు అమెరికా పడమటి వైపు పిట్టలు. పంజరాల్లో పెట్టి న్యూయార్క్‌లో దొంగతనంగా అమ్ముతుండగా, 1940 ప్రాంతంలో చట్టానికి భయపడి వ్యాపారులు వదిలేశారు. ఆ కాసిని పిట్టల సంతతే తూర్పంతా నిండిపోయింది. 1994 మొదట్లో వాషింగ్టన్ శివార్లలో, గింజలు పెట్టే ఇళ్ళవాళ్ళు కళ్ళు వాచిన ఫించ్‌లను గమనించారు. పరీక్ష చేస్తే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి తేలింది. మా తణుకు కోళ్ళ ఫారాలవాళ్ళకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు, సి.ఆర్.డి. అని వాళ్ళు తిట్టుకునే రోగాన్ని తెచ్చేది అదే. కోళ్ళ నుంచి అడవి పిట్టకు దూకిన ఆ జబ్బు ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో ప్రయోగశాలలో కూర్చుంటే తెలియదు. 1994 నవంబరు నుంచి కార్నెల్‌వాళ్ళు ఇళ్ళకు ఫారాలు పంపారు. జబ్బు పిట్ట కనబడితే రాయండి, కనబడకపోతే కనబడలేదని రాయండి అన్నారు. నెలనెలా వచ్చిన ఆ ఫారాల మీద నుంచే, మూడు నాలుగేళ్ళలో తూర్పు రాష్ట్రాలంతా పాకిన ఆ అంటువ్యాధికి పటం గీయగలిగారు. గుంపులు ఎంత పెద్దవిగా ఉంటే అక్కడ అంత ఎక్కువ పిట్టలు పోయాయని కూడా తేలింది. అడవి పిట్టల్లో ఒక అంటురోగాన్ని మొదటి అడుగు నుంచీ ఇంత దగ్గరగా వెంబడించిన సందర్భాలు చాలా తక్కువ.

కనబడకపోతే కనబడలేదని రాయడం. ఈ పద్ధతికి ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం. చూసిన ఊళ్ళవాళ్ళు మాత్రమే రాస్తే జబ్బు అన్నిచోట్లా ఉన్నట్టే ఉంటుంది.

మన దగ్గర ఇదంతా ఆలస్యంగా వచ్చింది. 1959 చివర్లో బొంబాయిలో జాఫర్ ఫతేహల్లీ సైక్లోస్టైల్ కాగితాల మీద పక్షి ప్రియుల కోసం వార్తాపత్రిక మొదలుపెట్టి, దశాబ్దాలపాటు నడిపాడు. అందులో సగం పాఠకుల ఉత్తరాలే. 1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షి ప్రియుల సంఘం ఏర్పడింది. వాళ్ళ పత్రికల పేర్లు మయూర, పిట్ట. నెలకొకసారి చెరువుల దగ్గరికి కలిసి వెళ్ళి చూసినవి రాసుకునేవారు. ఇవి ఇంగ్లీషు చదివిన కొద్దిమంది దాటి రాలేదు. మన పల్లెల్లో పిట్టల మీద ప్రేమ లేకనా? మా అమ్మమ్మ ప్రతి ఏడూ కోతలయ్యాక కొత్త వరికంకులను అందంగా కుచ్చు అల్లించి వీధి అరుగు మీద వేలాడదీసేది. గుళ్ళలోనూ కట్టేవారు. చూరులో కాపురమున్న పిచ్చుకలు దాని మీద వాలి ఒక్క గింజ మిగలకుండా తినేవి. కుచ్చు ఖాళీ అయితే ఇంటికి మంచిదని నమ్మకం. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో చూస్తాను. ఇంత ఆదరణ ఉన్నచోట ఒక్కరు, ఏడాదికొక్కసారి, కుచ్చు మీద ఒకేసారి ఎన్ని వాలాయో గోడ మీద బొగ్గుతో గీసి ఉంచినా చాలేది.

అది లేకే 2012లో, పిచ్చుకలు ఏమయ్యాయని దేశమంతా అడుగుతున్నప్పుడు, సిటిజన్ స్పారో అనే పేరుతో జనాన్ని గుర్తు తెచ్చుకోమని అడగవలసి వచ్చింది. ఇప్పుడు మీ ఊళ్ళో ఉన్నాయా, మీ చిన్నప్పుడు ఉండేవా? వేలమంది జవాబిచ్చారు. జ్ఞాపకానికి దాని విలువ దానికుంది, తేదీ మాత్రం ఉండదు.

మరుసటేడు 2013. ఆ జూలైలో మన తపాలా తంతి చరిత్రలో తంతి కథ ముగిసింది, టెలిగ్రాం ఆపేశారు. ఆఖరి రోజుల్లో ఒక టెలిగ్రాం జ్ఞాపకంగా దాచుకోవడానికి జనం కౌంటర్ల దగ్గర బారులు తీరారు. అదే ఏడాది ఫిబ్రవరిలో, అమెరికాలో 1998 నుంచి కంప్యూటరు మీద నడుస్తున్న పెరటి పక్షుల లెక్క తొలిసారి ప్రపంచమంతటికీ తెరుచుకుంది, మన దేశమూ అందులో చేరింది. ఇప్పుడు ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, కనీసం పావుగంట ఒకచోట ఉండి, కనబడినవన్నీ రాసి, ఫోను మీద ఈబర్డ్ అనే యాప్‌లో వేస్తాం. చివర్లో అది ఒక ప్రశ్న అడుగుతుంది. నువ్వు గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశావా, కొన్నే రాశావా? అన్నీ రాశానని చెబితే, ఆ జాబితాలో లేని పిట్ట ఆ పావుగంటలో అక్కడ కనబడలేదని అర్థం. అలాంటి వంద జాబితాల్లో ఎన్నింట పాలపిట్ట ఉందో చూస్తే, ఏడాదికేడాదికి అది పెరుగుతోందా తరుగుతోందా తెలుస్తుంది. కాకిని కూడా వదలకుండా రాయమని నేను మా వీధి పిల్లలకు పోరుపెట్టేది అందుకే.

ఇలా పోగైన జాబితాల మీదే 2020లో మొదటిసారి భారత పక్షుల స్థితి నివేదిక వచ్చింది. 15,000 మందికి పైగా రాసిన కోటికి మించిన నమోదులు. పిచ్చుక దేశం మొత్తం మీద నిలకడగానే ఉందని, హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతోందని అది తేల్చింది. సెల్ టవర్ల వల్ల అంతరించిపోయిందని ఊరూవాడా చెప్పుకున్న మాటకు ఆ నివేదికలో బలమైన ఆధారం దొరకలేదు. 2023 నాటి రెండో నివేదికకు మూడు కోట్ల నమోదులు, 30,000 మంది. అందులో నన్ను కలవరపెట్టింది పాలపిట్ట. పుష్కరకాలంలో సుమారు 30 శాతం తగ్గిందని తేలింది.

మా వియ్యపురాలిది వరంగల్ దగ్గర పల్లె. అక్కడ దసరా నాడు జమ్మిచెట్టుకు పూజ చేసి, ఊరి పొలిమేర దాటి పాలపిట్టను చూడటానికి వెళతారు. చూస్తే ఏడాదంతా జయమని నమ్మకం. ఇంటిల్లిపాదీ కొత్తబట్టలు కట్టుకుని, ఒక నిర్ణీతమైన రోజున, ఒకే పిట్టను వెతుక్కుంటూ బయల్దేరే ఆచారం తరతరాలుగా మన నేల మీదే ఉంది. చాప్‌మన్ 27 మందితో మొదలుపెట్టిన దానికంటే ఇది ఎంత పెద్దదో ఆలోచించండి. ‘ఇదివరకు చెరువుకట్ట దాటకముందే కానొచ్చేది వదినా, ఇప్పుడు పొద్దుగూకేదాక తిరిగినా కానొస్తలేదు’ అందామె పోయిన పండక్కి. ఏ ఏటి నుంచి అంటే చెప్పలేకపోయింది. ఆ మాటకొస్తే ఎవరూ చెప్పలేరు.

అందుకని తెలంగాణలో ఉన్న మా బంధువులందరినీ ఒకటే అడుగుతున్నాను. దసరా నాడు ఏ ఊరి దగ్గర, ఎన్ని గంటలకు బయల్దేరారు, ఎంతసేపు తిరిగారు, పాలపిట్టలు ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనబడ్డాయి. కనబడకపోతే సున్నా వేయండి, సిగ్గుపడకండి. దారిలో చూసిన మిగతా పిట్టలు కూడా రాస్తే మరీ మంచిది. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పండగ పూట పాలపిట్టను పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో పెట్టి వీధుల్లో డబ్బులకు చూపించేవాళ్ళు ఉంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఆ పిట్టను లెక్కలో రాయకండి, చూపించినవాడికి పైసా ఇవ్వకండి. దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసుకు అప్పటికప్పుడు ఫోను చేసి, ఏ వీధిలో చూశారో చెప్పండి.